ముందు బటన్ మాట

తనిఖీకి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తానన్న టైముకి ముందే, తెల్లచొక్కా ఆయన ఒకరు వచ్చి కొత్త మిషను ముందు నిలబడ్డారు.

ఆ మిషను బిగించిన ఇంజినీరమ్మ ఆయన్ని చూసి గబగబా లేచింది. ఇన్‌స్పెక్టరు సరేనంటేనే ఆమె ఉద్యోగం పర్మనెంటు.

"రండి సార్," అంటూ ఎదురెళ్లి కుర్చీ వేయించింది.

ఆయన కూర్చోలేదు. ఫైలూ అడగలేదు. అట్టలకు రంగుకాగితం అంటించే ఆ రోలర్ల చుట్టూ, అద్దెకి ఇల్లు చూసుకునేవాడిలా తిరిగారు. పైన లైటు చూశారు. పనివాళ్లు నిలబడే చోట నిలబడి చెయ్యి చాపి చూశారు.

ఇదేం తనిఖీయో ఆమెకు అంతుబట్టలేదు.

"ఈ ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుందా అమ్మా?"

"వెంటనే ఆగుతుంది సార్."

ఆయన ఓ కాగితం ముక్కని రోలర్లకి అందించి, అవి పట్టుకోగానే బటన్ నొక్కారు.

రోలర్లు ఆగాయి. ఆగేలోపు జానెడు కాగితం మింగాయి.

"వెంటనే అన్నారు?"

ఆమె ఓపిగ్గా వివరించింది. బటన్ మోటారుని నేరుగా ఆపదు. పక్కనున్న చిన్న పెట్టెకి చెబుతుంది. ఆ పెట్టె తన వంతు వచ్చినప్పుడు, కేబుల్ మీదుగా అవతలి గదిలోని కంట్రోలరుకి చెబుతుంది. అది ఆపమంటే అప్పుడు మోటారు ఆగుతుంది. అంతా కలిపి రెప్పపాటే, రూల్సు ఒప్పుకున్నంతే.

ఆ వంతు ఇంకాస్త ముందు రాదా అని ఆయన అడిగారు.

"లైను మీద రద్దీ సార్. మేనేజరుగారి స్క్రీను మీద ఉత్పత్తి అంకెలు క్షణక్షణం మారాలట. అవీ ఇదే కేబుల్లో పోవాలి."



"అంకెలు ఆలస్యమైతే ఎవరికైనా దెబ్బ తగులుతుందా అమ్మా?"

తగలదని ఆమె ఒప్పుకోక తప్పలేదు. ఇన్‌స్పెక్టరుతో వాదన పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే అనుకుని, ల్యాప్‌టాప్ తెరిచి అంకెల్ని వెనక్కి నెట్టింది. ఇకమీదట ముందు బటన్ మాటే పోతుంది.

మళ్లీ నొక్కారు. ఈసారి కాగితం వేలెడు కూడా లోపలికి పోలేదు.

ఆయన ఆమెకు రెండు చేతులూ జోడించి వెళ్లిపోయారు. దణ్ణం పెట్టే ఇన్‌స్పెక్టరుని ఆమె చూడటం అదే మొదటిసారి.

కాసేపటికి అసలు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఫైలు తిరగేసి సంతకం పెట్టాడు. బటన్ వైపు కన్నెత్తి చూడలేదు.

ఆమెకు ఒళ్లు మండింది. ఎవరో దారినపోయే దానయ్య మాట విని, చేసిన పనంతా తిరగేసిందన్నమాట. అంతలో మేనేజరు ఫోను. అంకెలు నత్తనడక నడుస్తున్నాయట, పొద్దుటిలా పెట్టమన్నాడు.

పెట్టేద్దామనే కూర్చుంది. మనసాగక, ఇందాక వచ్చినాయన ఎవరని సూపర్‌వైజరుని అడిగింది.

జవాబు విన్నాక దేన్నీ ముట్టుకోకుండా ల్యాప్‌టాప్ మూసేసింది. మేనేజరుకి ఫోన్ చేసి, అంకెలు ఇకమీదట ఇలాగే వస్తాయని చెప్పేసింది. ఆ తెల్లచొక్కా ఆయన్ని గేటుదాకా అయినా సాగనంపలేదే అని ఇంటికెళ్లేదాకా బాధపడింది.

సూపర్‌వైజరు చెప్పింది ఒక్కమాటే.

"రేపట్నించి ఆ రోలర్ల దగ్గర నిలబడేది ఆయన కూతురమ్మా, ఒక్కసారి చూసుకుపోతానంటే నేనే లోపలికి పంపించాను."