లింకమ్మ మొగుడు

డ్రైవరు ముఖానికి నురగ పట్టించి బార్బరు కత్తి ఎత్తాడో లేదో, సెలూన్ తలుపు తోసుకుని లింకమ్మ వచ్చేసింది.

మగాళ్ల సెలూన్‌లోకి ఆడమనిషి వస్తే అందరూ సర్దుకుని కూర్చుంటారు. ఈమె విషయంలో ఆ మొహమాటం ఎప్పుడో అరిగిపోయింది. ఈ పేట మనిషి కాదు. రెండు బస్సులు మారి వస్తుంది. భుజాన సంచీ, చేతిలో ఫోను, నోట్లో ఎప్పుడూ ఒకటే పాట, అఫిలియేట్ ప్రోగ్రామ్. అసలు పేరేమిటని ఎవరూ అడగలేదు. లింకమ్మ అని పెట్టేశారు.

"అన్నా, ఇవాళే ఆఖరు," అంది రొప్పుతూ. "ఈ నెల ఎవరూ చేరని పాత లింకులన్నీ రేపటి నుంచి తీసేస్తున్నారు. ఒక్కరు చేరండి. ఒక్కరంటే ఒక్కరు. పొద్దుట్నుంచి తిరుగుతున్నా, ఎవరూ దొరకలేదు."

"వద్దు తల్లీ. నా బావమరిది ఇలాంటిదాన్లోనే చేరాడు. ఇప్పుడు వాడొస్తున్నాడంటే నా పెళ్లామే తలుపేసుకుంటోంది, సొంత అక్క అయ్యుండి," అన్నాడు బార్బరు.

"ఇది అలాంటిది కాదన్నా. పైసా కట్టక్కర్లేదు. కంపెనీ వాళ్ల మిక్సీలు, దుప్పట్లు, కుర్చీలు ఉంటాయి. నీకో లింకు ఇస్తారు. నీ దగ్గర జుట్టు కత్తిరించుకునేవాళ్లకి అది పంపిస్తావు. దాన్ని నొక్కి ఎవరేం కొన్నా నీకు కమీషన్."

సరుకు కంపెనీది. లాభం కంపెనీది. ఎండలో తిరిగే కాళ్లు మాత్రం ఇలాంటివాళ్లవి. ఆమె చెప్పులు ఒకపక్కకి అరిగి, మడమ నేలకి ఆనుతోంది. అది చూసి బార్బరుకి ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు.

"ఎంతొస్తుందేంటి కమీషన్?" నురగలోంచి అడిగాడు డ్రైవరు.

"ఏదో వస్తుందిలే తమ్ముడూ."

"ఏదోనా? చేర్పించేవాళ్లు చెప్పే తీరు ఇదేనా? బంగళా వస్తుంది, కారొస్తుంది అనాలమ్మా! అప్పుడు కదా మాకు నోరూరేది!"

"ఏమీ అమ్మకపోయినా ఫర్వాలేదు. చేరితే చాలు."

బార్బరు కత్తి పక్కన పెట్టాడు. "మేం అమ్మకపోతే మరి నీకేంటి లాభం?"

ఆమె ఖాళీ కుర్చీ అంచున కూర్చుంది. "లింకు నాది కాదన్నా. మా ఆయనది," అంది.

"అదీ సంగతి! మరి ఆయన్నే పంపొచ్చుగా?" అన్నాడు బార్బరు.

"ఆయన రారు."

"ఏం, మహారాజా? పల్లకీ పంపాలా?"

లింకమ్మ ఫక్కున నవ్వింది. "మహారాజే. పక్కనున్న మంచినీళ్లు అందుకునే రకం కాదు."

"అయితే పెళ్లాన్ని వీధుల మీదికి తోలి, తను కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడన్నమాట."

ఆమెకు కోపం రాలేదు. మొగుణ్ని ఎవరో మెచ్చుకున్నట్టు ముఖం వెలిగింది. "కిందటి నెల చేరిన మందుల షాపాయన కూడా ఇదే మాటన్నాడు. లింకు తెరుచుకోలేదని ఫోన్ చేసి మా ఆయన్ని ఎంతలా తిట్టాడనుకున్నావ్!"

"అదేమన్నా గొప్పా తల్లీ, ఊరంతా చెప్పుకోడానికి?" అన్నాడు డ్రైవరు.

ఆమె లేచింది. సంచీ సర్దుకుంది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ముఖంలో ఆ వెలుగు లేదు.

"ఇవాళ ఒట్టి చేతుల్తో వెళ్తే ఆ ఇంట్లో ఉండలేనన్నా."

ఇంట్లో ఉండలేకపోవడం అంటే ఏమిటో బార్బరుకి తెలుసు. అలాంటి మొగుళ్లు రోజుకి పదిమంది తన కుర్చీలో కూర్చుని మీసాలు కత్తిరించుకుని పోతుంటారు.

"ఇలా రా," అన్నాడు. చెయ్యి తుడుచుకుని తన ఫోన్ ఇచ్చాడు. "చేర్చు. కమీషన్ కోసం కాదు, నీ బాధ చూడలేక."

ఆమె వివరాలన్నీ నింపి, "ఆ ఫ్యాను ఒక్క నిమిషం కట్టెయ్యన్నా," అంది.

కొత్తగా చేరినవాళ్లకి లింకు ఎవరిదో వాళ్లు రికార్డు చేసి పెట్టిన గొంతే స్వాగతం చెప్పడం కంపెనీ పద్ధతి. ఫోన్లోంచి నిండైన మగగొంతు పలికింది.

"నమస్కారమండీ! నా లింకులో చేరారు, చాలా సంతోషం. ఏ అనుమానమొచ్చినా మొహమాటపడకండి. పగలైనా రాత్రైనా ఫోన్ చెయ్యండి. నేనున్నాను."

"ఉంటావురా, నువ్వెందుకుండవు!" బార్బరు ఇక ఆగలేకపోయాడు. "పగలైనా రాత్రైనా అన్నావుగా. చేస్తున్నా, ఎత్తు!" అని తెర మీదున్న నంబరు నొక్కాడు.

లింకమ్మ సంచీలో ఇంకో ఫోన్ మోగింది.

ఆమె దాన్ని బయటికి తీసింది. ఎత్తలేదు, కట్టెయ్యలేదు. ఒళ్లో పెట్టుకుని మోగనిచ్చింది.

"ఫోను కూడా నీకే అంటగట్టి పడుకున్నాడా!" బార్బరు గొంతు వీధిలోకి వినిపించింది. "సిగ్గూ శరం ఉండక్కర్లా ఆ మనిషికి? పెళ్లాం చెప్పులరిగేలా తిరుగుతుంటే గొంతొక్కటి పంపిస్తాడా? వెళ్లి చెప్పు, సెలూనాయన నోటికొచ్చినట్టు తిట్టాడని చెప్పు!"

"నా తరఫున కూడా రెండు కలుపమ్మా," అన్నాడు డ్రైవరు.

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

"ఇంకో రెండు తిట్టన్నా," అంది లింకమ్మ, ఆ ఫోన్ని రెండు చేతులా పట్టుకుని, "కిందటేడు పోయిన ఆయన్ని బతికున్న మనిషిలా తిట్టడానికి, ఈ లింకులో కొత్తగా చేరినవాళ్లు తప్ప నాకింకెవరూ లేరు."