ముక్కెడు గింజలు

ఆ చర్చి ఆవరణలో పిట్టలన్నిటికీ ఒక అలవాటుంది. తినబోయే ముందు తలా ముక్కెడు గింజలు దేవుడి కుండలో వేస్తాయి. ఆ కుండకు కాపలా గువ్వమ్మ. ప్రార్థన చేయించేదీ ఆవిడే. ఆవిడ కళ్లు మూసుకుని మొదలుపెట్టిందంటే చీమలు సైతం నడక ఆపాల్సిందే!

ఆ ఏడు వానల్లో గోరింక అవ్వకు రెక్క విరిగింది. చింతచెట్టు తొర్రలోంచి బయటికి రాలేక ఆకలితో పడి ఉంది. సంగతి విని గువ్వమ్మ గుండె చెరువైంది. కుండ అంచున కూర్చుని ఏడుస్తూ వేడుకుంది.

"ప్రభువా, అవ్వకు నాలుగు గింజలు పంపు తండ్రీ!"

"ఎక్కడి నుంచి పంపమంటావు అత్తా?" అంది కింద నుంచి ఉడుత.

"ఆయనకు కొదవేమిటే?"

"కొదవ లేదు, నిజమే. నీ కాళ్ల కింద కుండ నిండి పొర్లుతోంది."

"అది దేవుడిదే! మనం ముట్టుకుంటామా?"

"మరి అవ్వ ఎవరి బిడ్డ?"

గువ్వమ్మ తల వంచి కుండలోకి చూసింది. తినేవాళ్లు లేక, వానకు తడిసి, గింజలు మొలకలెత్తుతున్నాయి.

ముక్కునిండా గింజలు కరుచుకుని జడివానలోకి ఎగిరింది. ఈదురుగాలి వెనక్కి తోస్తుంటే, "ప్రభువా, చేర్చు" అని మనసులోనే అనుకుంది. అంత చిన్న ప్రార్థన ఆవిడ ఎన్నడూ చేసి ఎరగదు.

తొర్ర శుభ్రంగా ఊడ్చి ఉంది.

"పంపుతాడని తెలుసు తల్లీ. అందుకే పొద్దున్నే ఒంటి రెక్కతో చోటు సర్దిపెట్టుకున్నా," అంది అవ్వ. "దేవుడికి స్తోత్రం!"

ఆమెన్ అనబోయింది గువ్వమ్మ. నోటినిండా గింజలాయె! తడిసిన రెక్కలు రెండూ టపటపలాడించింది.