మీసం మీద మీగడ

ఆదివారం మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. మాణిక్యమ్మ గబగబా వెళ్ళి తీసింది.

పెద్దకర్మ అయ్యాక ఆ తలుపు తట్టినవాళ్ళు లేరు. పాలవాడు కూడా ప్యాకెట్టు గేటుకి తగిలించి పోతున్నాడు.

గుమ్మంలో తెల్లటోపీ ముసలాయన. ఒక చేతిలో తడి గోనెపట్టా చుట్టిన స్టీలు క్యాను, ఇంకో చేతి సంచిలో రెండు సోడా బుడ్లు.

"బసవపున్నయ్య గారున్నారాండీ?"

"మీరెవరు?"

"ఇస్సాకంటారండి, వించిపేట. ఒకప్పుడు తారాపేటలో సోడా షాపుండేది. ఆదివారం ఆదివారం సారు మా ఇంటికొచ్చి ఫ్లోటు తాగుతారండి. ఇబ్రహీంపట్నంలో మా అమ్మాయి దగ్గర రెండు నెలలు ఉండిపోయి నిన్ననే వచ్చాను. నేను లేక సారు ఊరికే తిరిగి వెళ్ళారేమోనని, ఇక్కడికే తెచ్చేశాను."

"ఫ్లోటంటే?"

"సోడాలో ఐస్‌క్రీం ముద్ద వేసుకోవడమేనండి. ఇంట్లో చేసిందే."

మాణిక్యమ్మకి ఒళ్ళు మండిపోయింది.

భర్తకు షుగరని తేలిన రోజే ఆవిడ పంచదార డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి బొడ్లో దోపుకుంది. తన కాఫీకి మాత్రం, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు చెంచాడు తీసుకునేది. ఆ మాత్రం తీపి లేకపోతే ఆవిడకి కాఫీ గొంతు దిగదు మరి. ఆయనకి మాత్రం పండగపూట పరమాన్నం వాసన కూడా తగలనివ్వలేదు.

అంత కాపలా కాసినా, ఆయన ఆదివారం లైబ్రరీకని వెళ్ళి మీసం మీద మీగడ చారతో ఇంటికొచ్చేవాడు.

"మజ్జిగ తాగానే," అనేవాడు.

మజ్జిగకి ఏలకుల వాసనేమిటో! చివరికి షుగరు కిడ్నీల మీదికి పోయింది. ఎక్కడ తింటున్నాడో, ఎవరు పెడుతున్నారో తెలియకుండానే మనిషి దాటిపోయాడు.

ఇదిగో, ఇప్పుడు తెలిసింది.

"అయితే మీరేనన్నమాట," అంది మాణిక్యమ్మ. "ఆయన పోయి నెల కావస్తోంది. పథ్యం పెట్టి కాపాడుకుంటున్న మనిషిని పొట్టన పెట్టుకున్నారు. ఇంకా ఎవరి కోసం తెచ్చారిది?"

ముసలాయన మెట్టు మీద కూలబడ్డాడు. తర్వాత గోడ పట్టుకుని లేచాడు.

"ఒక్క మాటైనా మాట్లాడరేం?"

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

అంతే, వెళ్ళిపోయాడు. క్యాను మెట్టు మీదే ఉండిపోయింది.

పారబోద్దామని మాణిక్యమ్మ కుళాయి దగ్గర దాని మూత తీసింది. గుప్పున ఏలకుల వాసన. ఆయన మీసం వాసనే. ఆవిడకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే వేలితో కాస్త తీసి నాలుక మీద పెట్టుకుంది.

తీపి లేదు.

అడుగు నుంచి ఇంకాస్త తీసి చూసింది. చిక్కటి మీగడ, ఏలకులు. పంచదార పలుకన్నది లేదు.

ఆ సాయంత్రం ఆవిడ ఒక్కతే వంటింట్లో కూర్చుని క్యాను ఖాళీ చేసింది.

వెళ్ళి నాలుగు మంచిమాటలు చెప్పి రావాలనుకుంది. కానీ ఏ మొహం పెట్టుకుని వెళుతుంది? రేపు, ఎల్లుండి అంటూ వేసవంతా గడిపేసింది. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎవరూ వచ్చేవారు కాదు.

వానలు పడ్డాక ఇక ఉండబట్టలేక బయల్దేరింది. పరాయివాళ్ళ గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కదా. చేతి అలవాటు కొద్దీ అందులో గుప్పెడు పంచదార పోసి మూత పెట్టింది.

వించిపేటలో సోడా ఇస్సాక్ ఇల్లంటే ఎవరో చూపించారు. తలుపు చాటు నుంచి ఒక పెద్దామె తొంగిచూసింది.

"ఆయన ఉన్నారాండీ?"

"పోయిన నెల్లో గుండెపోటొచ్చి పోయారమ్మా. నేను ఆయన ఇంటిదాన్ని, ఆమినాబీని. ఇద్దత్ రోజులు, మొగుడు పోయాక నాలుగు నెలలు నేను గడప దాటకూడదు. మీరే లోపలికి రండి."

మాణిక్యమ్మ లోపలికి వచ్చి క్యాను కింద పెట్టింది.

"నేను బసవపున్నయ్య గారి..."

"క్యాను చూసి పోల్చుకున్నానమ్మా. కూర్చోండి."

"ఆ రోజు ఆయన్ని నానా మాటలూ అన్నాను. పంచదార వెయ్యలేదని ఒక్క ముక్క చెప్పచ్చు కదా ఆయన."

"నేనూ అదే అడిగాను. మొగుడు పోయిన మనిషి, ఎవర్నో ఒకర్ని తిట్టుకోకపోతే తనని తానే తిట్టుకుంటుంది, నన్నే తిట్టుకోనీలే అన్నారు."

మాణిక్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మావారు ఇంట్లోనే చేసుకోవచ్చుగా. నాతో చెబితే ఏం పోయింది?"

"సారు ఒప్పుకుంటేగా. ఐస్‌క్రీమన్న మాట వింటే చాలు, మా మాణిక్యం నాలుగు పూటలు పస్తుంటుందనేవారు. 'ఆవిడ మాట దాటకుండా చెయ్యి ఇస్సాకూ' అని బతిమాలితే, ఈయన పాలు కూడా మానేసి ఉత్త మీగడ గిలక్కొట్టేవారు. ఉప్పూ ఐసూ పోసిన బకెట్లో క్యాను పెట్టి, ఇద్దరూ వంతులేసుకుని తిప్పుకునేవారు. నిమ్మకాయ పిండిన వట్టి సోడాలో వేసుకుని తాగేవారు."

అంటూనే ఆమినాబీ క్యాను మూత తీసింది. లోపలికి చూసి చిన్నగా నవ్వింది.

"పంచదారా? మా ఇంట్లోకి పంచదార వచ్చి ఆరేళ్ళయిందమ్మా."

"పాపం, ఆయనకీ షుగరేనా?"

అడుగుతుంటే మాణిక్యమ్మ చేతికి బొడ్లో తాళంచెవి తగిలింది.

"ఆయనకి షుగరు లేదమ్మా. సారు ఒక్కరే చప్పిడి తాగితే ఒంటరివారైపోతారని, వారికి షుగరని తెలిసిన రోజు నుంచీ ఈయన తన టీలో కూడా పంచదార వేసుకోవడం మానేశారు."