విచారణకు వచ్చిన మనిషి

గుమ్మంలో నిలబడిన పెద్దమనిషిని చూడగానే పుల్లారావుకు విషయం అర్థమైపోయింది.

గిద్దలూరు పెళ్లివారు మనిషిని పంపారు.

మార్కాపురం బజారులో ఇనుము సామాన్ల దుకాణం పెట్టి, మొహం చూసి బేరం చెప్పే మనిషికి ఆమాత్రం తెలియదా? వాళ్లు కూతురు సింధూజను చూసి వెళ్లి వారం కాలేదు. ఇప్పుడు ఎవరో ముసలాయన, వెంట పెట్టె పట్టుకుని ఒక నర్సు.

"గుండెజబ్బుల సర్వే అన్నా," అన్నాడాయన. "మీ ఇంట్లో చిన్న వయసులోనే గుండె ఆగి పోయినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి. రక్తం కూడా కొంచెం తీసుకుంటాం."

పుల్లారావు లోపల నవ్వుకున్నాడు. ఒకప్పుడు పిల్ల సంగతి ఇరుగుపొరుగును అడిగేవారు. ఇప్పుడు నర్సునే వెంటబెట్టుకుని దిగుతున్నారు.

"రాండి, కూర్చోండి. కోటిరత్నం, కాఫీ పెట్టు," అని భార్యకు కేకేశాడు. "ఇంతకీ ఎవరు చేయిస్తున్నారు ఈ సర్వే?"

"చానామంది కలిసినారు. కొంత డబ్బు ఢిల్లీ నుంచి, కొంత బయటి దేశాల నుంచి. పెద్దపెద్ద ఆసుపత్రులు చేతులు కలిపినాయి. లక్షలమంది రక్తం పక్కపక్కన పెట్టి చూస్తేగానీ ఏ లోపం వంశంలో దిగుతాదో తెలియదంట. మన పడమటి మండలాలను మొదట వదిలేసినారు, డబ్బు చాలలేదని. ఈమధ్యనే దొరికింది."

కథ బాగానే అల్లుకొచ్చాడు అనుకున్నాడు పుల్లారావు.

"మీ తమ్ముడు గోపాలకృష్ణ చిన్న వయసులోనే పోయినాడని బజార్లో అన్నారు. ఎట్ల పోయినాడు?"

కాఫీ తెస్తున్న కోటిరత్నం అక్కడే ఆగిపోయింది.

గోపాలకృష్ణ దుకాణం షట్టరు దించుతూ దించుతూ కుప్పకూలాడు. అప్పటికి ముప్పై మూడేళ్లు.

"బండి మీద నుంచి పడినాడు," అన్నాడు పుల్లారావు. "తలకు దెబ్బ తగిలింది."

"మీ నాయన?"

"పండు ముసలోడై పోయినాడు. ఎనభై దాటినాయి."

ముసలాయన గోడ వైపు చూశాడు. దండ వేసిన ఫొటోలో నాయన జుట్టు, మీసం నల్లగా మెరుస్తున్నాయి.

"పాత ఫొటో," అన్నాడు పుల్లారావు.

"అమ్మాయికి ఎప్పుడన్నా కండ్లు తిరగడం, పడిపోవడం..."

తలుపు దగ్గర నిలబడిన సింధూజ తండ్రి వైపు చూసింది. పోయిన ఎండాకాలం మేడమెట్ల మీద పడిపోయింది. వడదెబ్బ అని ఇంట్లోవాళ్లు సర్దుకున్నారు.

"గుండ్రాయి మాదిరి ఉంటాది నా బిడ్డ."

రక్తం ఇవ్వనంటే అనుమానం వస్తుందని తనూ ఇచ్చాడు, కూతురి చేతా ఇప్పించాడు.

ముసలాయన వెంటనే లేవలేదు.

"ఇక్కడ చెప్పింది బయటికి పోదన్నా. ఆడపిల్ల తండ్రికి ఉండే భయం నాకు తెలుసు. నేను గూడా ఒకసారి ఇట్లనే..."

"మీ గిద్దలూరు బస్సుకు టైమైనట్లుంది," అన్నాడు పుల్లారావు, మర్యాదగానే.

"నాది కంభం అన్నా." ఆయన సర్వేవాళ్ల ఫోన్ నంబరున్న కార్డు బల్లమీద పెట్టాడు. "ఏమన్నా గుర్తొస్తే చెప్పండి. ఎప్పుడైనా సరే."

సంబంధం ఖాయమైంది. తాంబూలాల రోజు పుల్లారావు వియ్యంకుడి పక్కన చేరి, "మీరు పంపిన పెద్దమనిషి గట్టోడు బావగారూ," అన్నాడు.

"మేమెవర్నీ పంపలేదే."

పుల్లారావు నోట్లో తమలపాకు అట్లాగే ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక కోటిరత్నం కార్డు తీసి ఇచ్చింది. "నిజం చెప్పేయరాదా? పిల్లను ఒకసారి చూపిద్దాం."

"ఇప్పుడా? ఆ నోటా ఈ నోటా గిద్దలూరు చేరితే?"

అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు.

పెళ్లి ముందు సర్వేవాళ్లే ఫోన్ చేశారు. రక్తంలో ఏదో మార్పు ఉంది గానీ, ఇంట్లో గుండెజబ్బు లేదన్నారు కనుక భయపడక్కర్లేదని చెప్పారు. పుల్లారావుకు ఆఖరి మాట ఒక్కటే వినిపించింది.

"చూసినావా?" అన్నాడు భార్యతో.

పెళ్లయి ఏడాది తిరక్కముందే, గిద్దలూరులో తడిబట్టలు ఆరేయడానికి మేడెక్కుతూ సింధూజ పడిపోయింది. ఈసారి లేవలేదు.

దినాలు అయ్యాక పుల్లారావు ఆ కార్డు వెతికి ఫోన్ చేశాడు. సర్వే చూసే డాక్టరు రమణి ఎత్తింది. తమ్ముడి సంగతి, నాయన సంగతి, మేడమెట్ల సంగతి, దాచినవన్నీ చెప్పేశాడు. చివరికి కూతురు పోయిందని చెప్పాడు.

అటువైపు కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"మీ తండ్రీకూతుళ్ల రక్తంలో ఉన్నది ఒకటే మార్పు," అంది రమణి మెల్లగా. "గుండెజబ్బు ఎరగని ఇల్లని మీరు చెప్పారు కదా, అందుకే అది హాని లేనిదని పక్కన పెట్టేశాం. అదే మార్పున్న ఇంకో రెండు ఇళ్లకూ భయం లేదనే చెప్పాం."

పుల్లారావు ఫోను చెవికి అదుముకున్నాడు.

"వాళ్లు బాగుండారా తల్లీ?"

"ఉన్నారు. ఈరోజే పిలిపిస్తాను."

"ఆ రోజు మా ఇంటికొచ్చినాయన..."

"శేషగిరి గారు. మీరు అబద్ధం చెప్పారని ఆయన మొదట్నుంచీ అంటూనే ఉన్నారు. మేమే వినలేదు."

"ఆయనకెట్ల తెలిసిందమ్మా?"

"కంభంలో ఉన్న రైసుమిల్లు అమ్మి, మీ వైపు ఊళ్లకు సర్వే తెప్పించింది ఆయనే," అంది రమణి. "పెళ్లి విచారణకు వచ్చినవాళ్లతో తమ ఇంట గుండెజబ్బే లేదని చెప్పి, ఏడాదికే కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి ఆయన."