పెట్కా ఎడమ కన్ను

ఊరి చర్చిలోని పాత గోడబొమ్మలను పరీక్షించి రిపోర్టు రాయడానికి ప్రొఫెసర్ డోబ్రెవ్ వచ్చేలోగా రుమ్యానా చేయాల్సిన పనులు: చర్చి గోడలకు పట్టిన కొవ్వొత్తుల మసి తుడవడం, బొమ్మల ముందు పెట్టిన ప్లాస్టిక్ పూలు తీసేయడం, టర్కుల కథ చెప్పొద్దని ఊరివాళ్లను మరోసారి బతిమాలడం, నాయనమ్మ వెలికాను ఇంట్లోంచి కదలకుండా చూడడం.

మొదటి రెండూ అయ్యాయి.

టర్కుల కథ ఆ ఊళ్లో అందరికీ నోటికొచ్చు. గోడ మీది పునీతుల బొమ్మలకు కళ్లు లేవేమని ఎవరడిగినా, "ఎప్పుడో ముత్తాతల కాలంలో మనల్నేలిన టర్కుల సైనికులు కత్తులతో పొడిచారండీ" అంటారు. అది అబద్ధమని తేల్చి రుమ్యానా పట్టా తెచ్చుకుంది. కళ్లజబ్బులకు మందని ఊరి ఆడవాళ్లే ఆ రంగు గీకి, నీళ్లలో కలిపి, రోగుల కళ్లకు రాసేవాళ్లు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి కదా, లోకంలోని నిజమంతా తనొక్కతే మోస్తున్నట్టు నడిచేది.

డోబ్రెవ్ పునీత పెట్కా బొమ్మ ముందు ఆగాడు.

"కుడి కన్ను పాత దెబ్బే. ఎడమది చూడమ్మా, సున్నం ఇంకా తెల్లగా ఉంది. ముప్పయ్యేళ్లు కూడా అయుండదు. ఇప్పటికీ గీకుతున్నారంటే బొమ్మల్ని ఇక్కడ ఉంచలేం. గోడపూతతో సహా ఊడదీసి సోఫియా మ్యూజియానికి పట్టుకెళ్లాల్సిందే. ఎవరి పనో కనుక్కో."

ఆయన పైకప్పు చూడడానికి బయటికి వెళ్లాడు. అప్పుడే జున్ను రొట్టె పళ్లెంతో వెలికా లోపలికి వచ్చింది.

"ఇంట్లో ఉండమన్నానా నాయనమ్మా?"

"ఆకలి మీదున్న పెద్దమనిషి చేత మంచిమాట రాయించలేవే పిచ్చిదానా. ఏమంటాడు?"

"పెట్కాను పట్టుకుపోతాడట. ఎవత్తో బుద్ధిలేనిది ఈమధ్యనే కన్ను గీకింది. రోజూ చర్చి ఊడ్చేది నువ్వే, నీకు తెలియకుండా ఉంటుందా?"

వెలికా పళ్లెం బల్ల మీద పెట్టింది. "తెలుసు."

"దానికి కాస్త చదువుంటే డాక్టరు దగ్గరికి వెళ్లేది."

"మంచు పడి దారి మూసుకుపోయింది. పసిగుడ్డు. చీముపట్టి కన్ను తెరవదు. చెంచాతో నేనే గీకాను. పెట్కాకు చెప్పుకునే గీకానులే. నువ్వు కళ్లు లేకపోయినా చూస్తావు తల్లీ, ఇది చూడలేదు అన్నాను."

"ఎవరి పిల్ల?"

వెలికా మనవరాలి ఎడమ రెప్ప కింద అంటిన మసిని తన తలగుడ్డ కొసతో తుడిచింది.

పరిశోధనలో 'అజ్ఞానం' అనే అధ్యాయమంతా తన ఆ కంటితో చూస్తూనే రాసింది రుమ్యానా. పైగా దానికి బహుమతి కూడా వచ్చింది.

డోబ్రెవ్ తిరిగొచ్చాడు. "తేలిందా?"

"తేలిందండీ. నా పరిశోధన తప్పు."

"అంటే?"

"టర్కులేనండీ."

ఆయన తెల్లటి సున్నం వైపు చూశాడు. రొట్టె వైపు, ముసలమ్మ వైపు చూశాడు. "మొన్నమొన్న వచ్చారా టర్కులు?"

"దారిలో మంచు పడి ఆలస్యమైందండీ."

డోబ్రెవ్ ఒక రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. "పాత దెబ్బే," అన్నాడు నములుతూ.

పెట్కా ఇప్పటికీ ఆ గోడ మీదే ఉంది. మీరు వెళితే టర్కుల కథ రుమ్యానాయే చెబుతుంది, కత్తి ఎలా తిప్పారో చేయి ఊపి మరీ. విన్నట్టే వినండి. ఆ ఎడమ కంటి ముందు మాత్రం వెలికాను ఒక్కసారి తలుచుకోండి.