పంటి కింది పోగు

కరెంటు పోయింది. లాంతరు ఎలుతుర్లో నూలు మ్యాక్సీకి అడుగంచు లేసు కుడతాండాను. మదనపల్లి కాలేజీకి తొడుక్కుంటానని నా కూతురు గిరిజ పట్టుబట్టి మొదలుపెట్టించింది. బిడ్డ పోయింది, కుట్టుపని మిగిలింది. గోడమేకుకు తగిలించి చూస్తే బుట్టచేతులు, నడుము కుచ్చులు అన్నీ సరిగ్గానే కుదిరినాయి. ఏడుపు రాలేదు.

కండ్లు కనపడని మా అత్త మంచంలోంచి అడిగింది. "బిడ్డ నోట్లో పోగు పెట్టినావా అమ్మా? ఒంటి మీదుండే గుడ్డ కుట్టేటప్పుడు పంటి కింద పోగుండల్ల. లేకుంటే కీడు."

"ఒంటి మీద లేదత్తా. మేకుకుండాది."

"మరి ఆ ఊపిరెవురిది?"

లాంతరు ఎత్తినాను. మ్యాక్సీ మెడలోంచి తడి పోగొకటి నా చేతి మీద పడింది. కొసంతా నమిలినట్టుండింది.

కొత్త పోగు తెంచి, మ్యాక్సీ మెడ కాడ పట్టుకున్నాను.

వేళ్లలోంచి మెల్లగా లాక్కునింది.