నడిమి స్తంభం

"చూడు నెర్మిన్ అక్కా, కాంక్రీటులో గవ్వ!" మా మేడ కింద పెళ్ళి హాలు నడిపే ఇల్హాన్ దాన్ని నా చేతిలో పెట్టాడు. "సముద్రపు ఇసుకతో ఏడంతస్తులు లేపాడు ఆ బిల్డరు వెధవ. కూలక ఏం చేస్తుంది?"

మా ఊరు అంతాక్యాలో భూకంపం వచ్చి అది మూడో రోజు. ఊళ్ళో లేక నేను బతికాను. మా అమ్మాయి నాజ్లీ ఇంకా శిథిలాల కిందే ఉంది.

"వాడి నోట్లో మన్ను పడ! అన్నమే తింటున్నాడా వాడు?" అని ఉమ్మేశాను.

క్రేన్ ఒక పెద్ద కాంక్రీటు పెళ్ళను లేపింది. కింద హాలు నేల కనిపించింది. చలవరాళ్ళు ఊడిన చోట, నేలకు సమానంగా రంపంతో కోసేసిన స్తంభం మొదలు ఉంది.

"ఇదీ బిల్డరే కోశాడా ఇల్హాన్?"

అతను తల దించుకున్నాడు. "ఒక్క స్తంభమేగా అక్కా."

"థూ! నువ్వూ మనిషివేనా? ఎవడు కొయ్యమన్నాడ్రా నిన్ను?"

"నువ్వే." అతను తలెత్తాడు. "నాజ్లీ నిశ్చితార్థానికి హాలు చూడ్డానికొచ్చి ఏమన్నావు? మధ్యలో ఈ దిమ్మేంటి, చేతులు పట్టుకుని హలాయ్ ఆడేవాళ్ళ వరస తెగిపోతుంది, తీసేస్తేనే హాలు తీసుకుంటానన్నావా లేదా?"

గవ్వ నా గుప్పిట్లోనే ఉండిపోయింది.

నిశ్చితార్థం రోజు ఆ వరసకు ముందు నిలబడి రుమాలు ఊపింది నేనే. సరిగ్గా ఆ కోసిన చోటే, నేల అదిరేలా తొక్కాను.